బ్రేకు తొక్కింది ఎవరు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మమ్మల్ని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ అని ఎవరూ అనరు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆ పేరుతోనే నాకు పెళ్లి కుదిరింది. ఆ పేరు వినే మా ఊళ్లో ఎడ్లబండి తోలేవాళ్లు కూడా నన్ను చూసి పక్కకు తప్పుకునేవారు. ఇంత పేరు మోసిన నేను ఉద్యోగం అయిపోయి, పింఛను మొదలయ్యాక గానీ ఒక సంగతి తెలుసుకోలేకపోయాను. నేను పాసు చేసినవాళ్లలో చాలామంది నా ముందు బ్రేకు తొక్కనే లేదు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకోటి ఉండదు. అందుకే రాస్తున్నాను. మా శాఖలో కొత్తగా చేరే పిల్లలు చదవండి. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల సంగతి ఇందులో లేదు. అవి మీకు వద్దన్నా వస్తాయి.

చాయ్ గ్లాసు

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మహబూబ్‌నగర్‌లో ఉన్నాను. జనం నంబరు పలక మీద ఏపీ చెరిపేసి, సొంతంగా టీఎస్ రాసుకొని, రంగు ఆరకముందే ఆఫీసుకు వచ్చి "సార్, గిట్ల రాసుకుంటె నడుస్తదా?" అని అడిగే రోజులు. రాసుకున్నాక అడగడం మన వాళ్ల పద్ధతి.

అక్కడ మా పెద్దసారు ఒకాయన ఉండేవారు. లావుపాటి మనిషి, చేతిలో ఎప్పుడూ చాయ్ గ్లాసు. డ్రైవింగ్ టెస్టుకు కారెక్కితే ఆ గ్లాసును నిండుగా డాష్‌బోర్డు మీద పెట్టేవారు. చాయ్ ఒలికితే ఫెయిల్. అంతే, మాట్లాడేది లేదు. ఒకసారి జడ్చర్ల నుంచి వచ్చిన ఒకతను కారెక్కగానే గ్లాసు తీసి గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు మళ్లీ అక్కడే పెట్టి, "ఇగ ఒలకది సార్" అని బండి స్టార్ట్ చేశాడు. పెద్దసారు కడుపుబ్బ నవ్వారు. నవ్వి, ఇంకో చాయ్ తెప్పించి, మళ్లీ తోలించారు. ఫెయిలయ్యాడు.

ఆయన నాకు చెప్పిన మాట ఒక్కటే. "ముందు సీట్ల కూసున్నోడు ఇన్‌స్పెక్టర్. ఎనుక కూసున్నోడు సవారి, ఉత్త పాసింజరు. సవారి సంతకం పెట్టొద్దు." అప్పుడు ఈ మాట నాకు ముసలివాళ్ల చాదస్తంలా అనిపించింది. తల ఊపి ఊరుకున్నాను.

నేను వెనక సీట్లోకి ఎందుకు పోయాను

తర్వాత నల్లగొండకు వచ్చాను. ఒకరోజు ఎరువుల దుకాణం యజమాని ఒకాయన కొత్త కారుతో టెస్టుకు వచ్చాడు. ఆయన తరఫున పొద్దటి నుంచి మూడు పైరవీ ఫోన్లు వచ్చాయి. కారుకు బంతిపూల దండ, బానెట్ మీద పసుపు కుంకుమ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. బండి కొన్న రోజు తొక్కించారు కదా, మళ్లీ ఎందుకయ్యా అంటే, "టెస్టు గుడ శుభకార్యమే గద సార్" అన్నాడు. కాదనలేకపోయాను.

నేను ఎడమ పక్క ముందు సీట్లో కూర్చున్నాను. బండి నిమ్మకాయల మీదుగా పోయింది. పోగానే ఆయన బండి ఆపి, తలుపు తీసుకొని దిగాడు. ఎందుకు దిగుతున్నావయ్యా అంటే, నాలుగూ నలిగాయో లేదో చూడాలట. ఒకటి నలగకుండా మిగిలితే కీడంట. గేరు న్యూట్రల్‌లో ఉంది, హ్యాండ్ బ్రేకు వేయలేదు, నేల పల్లంగా ఉంది. ఆయన వంగి వెనక టైరు దగ్గర నిమ్మకాయ చూస్తుండగా, నేను ఒక్కణ్నే కూర్చున్న కారు మెల్లగా బయల్దేరింది.

"సార్, సార్, యాడికి పోతాండ్రు?" అని ఆయన వెనక నుంచి కేకేశాడు.

నేను తుమ్మచెట్లలోకి పోతున్నాను. హ్యాండ్ బ్రేకు అందుకునేలోపే పోయాను కూడా. కుడి మోకాలు డాష్‌బోర్డుకు కొట్టుకొని గుమ్మడికాయంత వాచింది. ఆయన మాత్రం నాలుగు నిమ్మకాయలూ నలిగాయని సంతోషంగా చెప్పాడు.

ఆ తర్వాత నేను ముందు సీట్లో కూర్చోవడానికి జంకాను. డ్రైవింగ్ స్కూలు కార్లలో ఎడమ పక్క మాస్టరుకు ఇంకో క్లచ్చు, ఇంకో బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాడు తత్తరపడితే మాస్టరు తన పక్క నుంచి ఆపుతాడు. రెండు పక్కల పెడళ్లకూ లంకె ఉంటుంది. ఇటు తొక్కితే అటూ కిందికి పోతుంది. అలాంటి బండి అయితే మాస్టరును ముందు కూర్చోబెట్టి నేను వెనక కూర్చునేవాణ్ని. ప్రాణానికి భద్రం, కాలు చాపుకోవడానికి జాగా. భయపడటం తప్పని నేను అనను. ఆ భయం మెల్లగా సుఖం అయింది, అదీ నేను చేసిన తప్పు.

అందరికన్నా కట్టంగూర్ దగ్గర స్కూలు నడిపే సత్తయ్య మాస్టరు శిష్యులు నాకు ముచ్చటగా అనిపించేవారు. ఎంత నెమ్మదిగా ఆపేవారో! గీత మీదికి వచ్చి, కుదుపు లేకుండా, పాలగిన్నె దించినట్టు. అందరూ ఒకే తీరు. మిగతా స్కూళ్లవాళ్లను పిలిచి "సత్తయ్యను చూసి నేర్చుకోండి" అని తిట్టేవాణ్ని. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వేవాళ్లు. సిగ్గుతో నవ్వుతున్నారనుకున్నాను.

సీతాఫలాల గంప

రిటైరయ్యాను. కొన్నాళ్లకు కొత్త నిబంధన వచ్చింది. స్థలం, ట్రాకు, తగిన సరంజామా ఉండి గుర్తింపు పొందిన ప్రైవేటు స్కూళ్లు తామే నేర్పి, తామే టెస్టు పెట్టి సర్టిఫికెట్ ఇస్తే చాలు, ఆఫీసులో మళ్లీ టెస్టు అక్కర్లేదు. సత్తయ్య అమ్మకుండా ఉంచుకున్న రోడ్డు పక్క మెట్టచెలక ఇప్పుడు అక్కరకొచ్చింది. ట్రాకు వేశాడు, గుర్తింపు తెచ్చుకున్నాడు. ఒకనాడు గంపెడు సీతాఫలాలతో మా ఇంట్లో దిగాడు.

"సారూ, ఇగ టెస్టు మన దగ్గర్నే. మీరొచ్చి కూసొని సంతకం పెడితె జాలు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సారు ఉండంగ మన స్కూలుకు తిరుగుంటదా?"

నేను ఆలోచిస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి అంది. "పోండి, పోండి. ఇంట్ల కూసొని నా వంటకు టెస్టులు పెట్టుడు కంటె అదే నయం."

పోయాను. గేటు మీద బోర్డు ఉంది: 'మా దగ్గర ఫెయిల్ అనే మాటే లేదు'. అది చూసి ఆరోజే వెనక్కి రావలసింది. కొత్త పిల్లలు నన్ను అడుగుతుంటారు, ప్రైవేటువాళ్లు టెస్టు పెట్టడం మంచిదా చెడ్డదా అని. వండినావిడే రుచి చూసి బ్రహ్మాండం అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అయితే సర్కారు టెస్టు అమృతమేమీ కాదు. ఎండ నెత్తికెక్కేలోపు వచ్చినవాళ్లందరినీ ముగించాలని నేను ఎలా కళ్లు మూసుకొని సంతకాలు పెట్టానో నాకు తెలుసు. అందుకని ఎవరినీ ఎక్కువగా అనలేను.

సుగుణ అడిగిన ప్రశ్న

అక్కడికి మోత్కూర్ నుంచి సుగుణ అనే ఆమె వచ్చేది. నలభైకి దగ్గర పడిన మనిషి. నేతపని. వాళ్ల ఊరి నేత ఆడవాళ్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. చీరలు హైదరాబాద్ దుకాణాలకు చేర్చడానికి సంఘం ఒక చిన్న వ్యాను కొనుక్కుంది. నడిపేవాళ్లు లేరు. "నేను నేర్సుకుంట" అని సుగుణ చేయి ఎత్తింది. మగ్గం మీద కూర్చునే మనిషి కారేం తోలుతుందని కొందరు నవ్వారు. వచ్చే సోమవారం మీటింగులో ఆమె టెస్టు పాసైన కాగితం చూపిస్తే తాళంచెవి ఆమెకు. లేకపోతే అధ్యక్షురాలి మరిదికి. ఆ మరిదికి లైసెన్సు ఉంది. తాగే అలవాటు కూడా ఉంది. సుగుణ భర్తకు నడుం నొప్పి, మగ్గం మీద పూట కంటే ఎక్కువ కూర్చోలేడు. ఆ వ్యాను ఆమెకు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

టెస్టు రోజు సత్తయ్య ముందు ఎడమ పక్క, నేను వెనక. బండి చక్కగా నడిపింది. గీత దగ్గర పాలగిన్నె దించినట్టే ఆపింది. నేను కారులోనే కాగితం మీద సంతకం పెట్టి చాపాను. ఆమె తీసుకోలేదు.

"సార్, ఒక మాట అడుగుత, కోపం జెయ్యరు గద?"

"అడుగమ్మా."

"నేను పాసైననా, సత్తన్న పాసైండా?"

సత్తయ్య గట్టిగా నవ్వాడు. "మస్తు మజాక్ జేస్తది సారూ గీమె."

"మజాక్ గాదన్నా. ఆగేటప్పుడు బ్రేకు నేను తొక్కలే. నా కాలు ఆనకముందే అది కిందికి పోయింది. నేర్సుకున్నన్ని దినాలు గంతే. ఇరవై ఏండ్ల సంది మగ్గం మీద కూసుంటున్న. ఏ కర్ర నేను తొక్కిన, ఏది తొక్కలే, నా కాలుకు ఎర్కుండదా?"

నేను సత్తయ్య కాళ్ల వైపు చూశాను. రెండు కాళ్లూ ఇంకా ఆ పెడళ్ల మీదే ఉన్నాయి. ఒక్కసారిగా నాకు కళ్ల ముందు పాత రోజులన్నీ గిర్రున తిరిగాయి. పాలగిన్నెలన్నీ ఆయనవే. నేను అన్నేళ్లు పాసు చేసింది ఒక్క సత్తయ్యనే, మళ్లీ మళ్లీ, రకరకాల పేర్లతో. నేనూ మగ్గం ఉన్న ఇంట్లోనే పుట్టాను. మా నాయిన కాళ్లు కర్రల మీద ఆడుతుంటే పక్కనే కూర్చొని బడి పుస్తకాలు చదువుకున్నాను. అయినా ఒక్కనాడూ కిందికి చూడాలని తట్టలేదు.

"కావాలని గాదు సారూ," అని సత్తయ్య నసిగాడు. "కాలు దానంతట అదే పోతది. అలవాటు."

ఇప్పుడు నేను చేసిన ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఆమె మొహం చూసి జాలేసింది. "అమ్మా, సోమవారం మీటింగు గదా. కాగితం ఉంచుకో. మెల్లగ నేర్చుకుందువు గాని" అన్నాను.

"బండ్ల నేనొక్కదాన్నే పోత సార్. అండ్ల సత్తన్న ఉండడు గద" అంది ఆమె.

ఆ కాగితం నేనే చింపేశాను.

రెండు కర్రలు

సత్తయ్యను వెనక కూర్చోబెట్టి, ఆ పాత మోకాలితో కుంటుకుంటూ పోయి ముందు సీట్లో నేను కూర్చున్నాను. కాళ్లు వెనక్కి లాక్కొని "ఇప్పుడు తోలమ్మా" అన్నాను. బయల్దేరడం అందంగా బయల్దేరింది. ఆపమంటే, బండి ఎగిరి దూకి, దగ్గి, ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేసింది. మళ్లీ అంతే. ఎనిమిదిసార్లు ఆపితే ఎనిమిదిసార్లూ ఇంజను చచ్చింది.

వంగి ఆమె కాళ్లు చూశాను. అప్పుడు అర్థమైంది. మగ్గం కింద రెండు కర్రలుంటాయి. ఒకటి తొక్కితే రెండోది వదలాలి, అది తొక్కితే ఇది వదలాలి. ఇరవై ఏళ్లుగా ఆ కాళ్లకు అదే లెక్క. బండి బయల్దేరేటప్పుడు క్లచ్చు వదులుతూ ఎక్సిలేటరు తొక్కాలి కాబట్టి ఆమెను మించినవాళ్లు లేరు. ఆపేటప్పుడు మాత్రం క్లచ్చు, బ్రేకు రెండూ ఒకేసారి కింద ఉండాలి. ఆమె కుడికాలు బ్రేకు తొక్కగానే ఎడమకాలు క్లచ్చును వదిలేస్తోంది. కాళ్లకు తెలిసిన న్యాయం అది.

వెనక సీట్లో సత్తయ్య సంబరపడ్డాడు. "సూసిండ్రా సారూ? నేను తొక్కకుంటె గిట్లుంటది."

"నోరు మూసుకో సత్తయ్యా" అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఫెయిల్ అని రాశాను. ఆ స్కూల్లో మొదటి ఫెయిల్ అదే.

సోమవారం మీటింగులో సుగుణ దాచకుండా చెప్పేసింది, ఫెయిలైన అని. మరిది మీసం దువ్వుకున్నాడట. అయితే అధ్యక్షురాలు, ఆమె కూడా నేతగత్తే, "పాసైన కాగితం ఇస్తె వద్దని వచ్చిందట. గిసొంటి మనిషికి ఇంకో పదిహేను దినాలు ఆగుదం. గప్పుడు గాకుంటె బండి మా మరిదిదే" అని తేల్చేసింది. ఇక మిగిలింది ఆ పదిహేను రోజులే.

నాలుగో రోజు సుగుణ భర్త నాకు ఫోను చేశాడు. "సార్, మీరేం జెప్పిండ్రో గాని, గీమె మగ్గం మీద కూసొని రెండు కర్రలు ఒక్కపారె తొక్కుతాంది. పొద్దు మాపు గదే పని. రెండు తొక్కితె దారం దీస్కపోయే నాడె యాడికెల్లి పోవాలె? చీర నేసుడు బందైంది. జర జల్ది లైసెన్సు ఇయ్యుండ్రి, మగ్గం బతుకుతది."

ఇటు స్కూల్లో నేను మాస్టర్లందరికీ హుకుం జారీ చేశాను. నేర్పేటప్పుడు మొదటి రెండు వారాలు ఎలాగైనా తొక్కండి, ఆ తర్వాత సీట్లో కాళ్లు మడిచి సక్లంముక్లం పెట్టుకొని కూర్చోండి, ఆపదొస్తే తప్ప కాలు దించొద్దు అని. పూజలో కూర్చున్నట్టు మాస్టర్లు, పక్కన చెమటలు కారుస్తూ నేర్చుకునేవాళ్లు. ట్రాకు మీద బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. ఇద్దరు ముగ్గురు ఫీజు వాపసు అడిగి కేతేపల్లి వైపు వేరే స్కూలుకు పోయారు. సత్తయ్య నన్ను తీసేస్తాడనే అనుకున్నాను. తీసేయలేదు. ఒక సాయంత్రం వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మా బిడ్డ గుడ నా దగ్గర్నే నేర్సుకుంది సారూ. లైసెన్సు మీరే ఇచ్చిండ్రు. గాని కారు ముట్టదు, స్కూటీ మీదనె పోతది. ఎందుకే అంటె భయమైతది నాయినా అంటది. ఎందుకో గిప్పుడు సమజైంది." తువ్వాలుతో మొహం తుడుచుకొని మళ్లీ అన్నాడు. "మిగిలినోళ్లు భయపడకుంట తోలుతాండ్రు గద, గదే నా ఫికర్."

నా ఫికరూ అదే. ఆ రోజుల్లో నేను హైవే పక్కన పొద్దున నడవడం మానేశాను. ఎదురొచ్చే ప్రతి కారులో నా సంతకం కూర్చొని వస్తున్నట్టు అనిపించేది. నవ్వకండి. మీరూ సంతకాలు పెడతారు, అప్పుడు తెలుస్తుంది.

కట్టంగూర్ రోడ్డు మీద

పద్నాలుగో రోజు సుగుణ వచ్చింది. మరునాడే మీటింగు. ట్రాకు మీద వద్దు, ఊరి రోడ్డు మీద తోలిద్దామన్నాను. నేను ముందు సీట్లో, సత్తయ్య వెనక. మోకాలు పూర్తిగా మడవడం నావల్ల కాదు కాబట్టి సక్లంముక్లం కుదరలేదు. కాళ్లు రెండూ సీటు కిందికి లాగి, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ఏమైనా సరే ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఆమె గెలవాలని ఎంత కోరికగా ఉందో, కాలు వేలితో కూడా సాయం చేయకూడదని అంత పట్టుదలగా ఉంది.

మొదటి మూలలో ఆపింది. ఇంజను బతికే ఉంది. కిరాణా దుకాణం ముందు ఆపింది. బతికే ఉంది. ఆమె పెదవుల మధ్య ఏదో లెక్క పెట్టుకుంటోంది. సత్తయ్య వెనక నుంచి "శబాష్" అంటే, "ముచ్చట వెట్టకన్నా, కాళ్లు మర్సిపోతయి" అని కసిరింది.

ఊరు దాటాక బండి కొంచెం వేగం అందుకుంది. ఎడమ పక్క కందిచేను. ఆ చేనులోంచి ఉన్నట్టుండి ఒక మేక రోడ్డు మీదికి దూకింది. దాని వెనక మొత్తం మంద. వాటి వెనక గొంగడి కప్పుకున్న కాపరి, చేయి ఎత్తి అరుస్తున్నాడు.

"అవ్వో!" అని సత్తయ్య నా సీటు పట్టుకొని వేలాడాడు.

నా ఒట్టు ఏ గట్టున పోయిందో తెలియదు. మోకాలి నొప్పి కూడా మరిచి నా కుడికాలు సీటు కింద నుంచి దూసుకొచ్చి బ్రేకు మీద పడింది. పడాల్సిన చోట పెడల్ లేదు. నా కాలు ఇంకా కిందికి పోయి, నేల దగ్గర దాన్ని అందుకుంది. అది అప్పటికే కిందికి పోయి ఉంది.

బండి ఆగింది. మొదటి మేకకూ బంపరుకూ మధ్య మూరెడు జాగా ఉంది. ఇంజను గుడగుడమంటూనే ఉంది. మేకలు ఒక్కొక్కటే మమ్మల్ని చూసుకుంటూ తీరిగ్గా దాటాయి. కాపరి వంగి అద్దంలోంచి డ్రైవరు ఎవరా అని చూసి, "మంచిగ ఆపినవక్కా" అని పోయాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాను.

రోడ్డు ఖాళీ అయింది. బండి కదలలేదు. ఇంకేం భయమని నేను ఆమె వైపు చూశాను. సుగుణ తన కాళ్లు చూసుకుంటోంది, తర్వాత నా కాలు చూసింది. బ్రేకును నేలకు అదిమిపెట్టి అది ఇంకా అక్కడే ఉంది.

"సార్," అంది. "కాలు తీయుండ్రి. నేను పోవాలె."

తీశాను.